యానాం రొట్టె: కల్లు, తోడు, తరవాణి

మన ఇంట్లో తరతరాలుగా నడుస్తున్న ఒక మాట ఉంది. యానాంలో మన ముత్తాతగారు ఫ్రెంచి దొర ఇంట్లో వంటపని చేశారని, వాళ్ళ రొట్టె చెయ్యడం ఆయనకి వచ్చని. ఈ మధ్య కుటుంబ చరిత్ర పుస్తకం వేద్దామని అందరూ అనుకున్నప్పుడు పెదనాన్నగారు "మనది ఫ్రెంచి రొట్టెల వంశం అని మొదటి పేజీలోనే వెయ్యాలి" అన్నారు. చిన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అత్తయ్య మాత్రం ఒక మాట అంది: "మా అమ్మ బతికున్నప్పుడు ఆ సంగతి గుమ్మం దాటనిచ్చేది కాదు. ఇప్పుడు పుస్తకంలోకెక్కిస్తున్నారా?"

ఆ మాట నన్ను పట్టుకుంది. ఒకే సంగతి నాయనమ్మ కాలంలో దాచుకోవాల్సింది, మన కాలంలో చాటుకోవాల్సింది ఎలా అయింది? ఉద్యోగరీత్యా నా పని సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఎవరైనా "ఇది పనిచేస్తుంది" అంటే, అది పనిచెయ్యడానికి ఏమేమి ఉండాలో ఒక్కొక్కటీ రాసుకుని చూస్తాం. ఈ రొట్టె సంగతి కూడా అలాగే చూశాను. రొట్టెకి గోధుమ కావాలి, పొంగించేది ఏదో కావాలి, కాల్చే పొయ్యి కావాలి, తినేవాడు కావాలి. నాలుగూ యానాంలో ఎక్కడినుంచి వచ్చాయి?

నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు రాయడం ఇంట్లోనే నేర్చుకున్నాను. మాటల్లో ఎక్కడైనా కన్నడం వాసన తగిలితే పెద్దవాళ్ళు నవ్వుకుని వదిలెయ్యండి. ఆ కన్నడమే ఈ కథలో ఒకచోట పనికొచ్చింది కూడా.

ముందు ఊరు

యానాం గోదావరి పాయ ఒడ్డున, కాకినాడకి దగ్గర్లో, నాలుగువైపులా పాత తూర్పుగోదావరి జిల్లా మధ్యలో ఉన్న చిన్న ముక్క. ఫ్రెంచివాళ్ళు 1723లో ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. కొన్నాళ్ళు వదిలేసి, 1731లో మళ్ళీ వచ్చి కుదురుకున్నారు. వాళ్ళు దీన్ని యనావో అనేవాళ్ళు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులని ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చినప్పుడు ఈ తీరమంతా వాళ్ళ చేతుల్లోకి వచ్చినట్టే అనిపించింది. కానీ 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర జరిగిన యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు గెలిచారు. ఆ తర్వాత ఈ తీరంలో ఫ్రెంచివాళ్ళకి ముఖ్యంగా మిగిలింది ఈ చిన్న ఊరే. అది కూడా 1778లో, 1793లో ఇంగ్లీషువాళ్ళ చేతుల్లోకి పోయి, ఒప్పందాలు కుదిరాక తిరిగి వచ్చింది.

చుట్టుపక్కల ఎవరెవరు ఉన్నారో కూడా చూడాలి. యానాం పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళ బట్టల ఫ్యాక్టరీ ఉండేది. కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు 1825 దాకా ఉన్నారు. పక్కన కోరంగి రేవులో ఓడలు కట్టేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళందరినీ అక్కడ 'కోరంగీ'లు అనేంత పేరు ఆ రేవుది. 1839 నవంబరు 25న వచ్చిన తుపాను ఆ కోరంగిని తుడిచిపెట్టింది. అంతకుముందు వందేళ్ళూ ఈ పదిపదిహేను మైళ్ళ మేర మూడు దేశాల దొరలు, వాళ్ళ సిపాయిలు, నావికులు తిరిగారు. అంటే నాలుగో ప్రశ్నకి, తినేవాడెవడు అన్నదానికి, జవాబు దొరికినట్టే. తినేవాళ్ళు ఉన్నారు, కాకపోతే గుప్పెడుమంది.

గోధుమ

గోదావరి డెల్టాలో గోధుమ పండదు. నేల తడి, గాలి తడి, చలికాలం పేరుకే. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఇక్కడ వరి మరింత బలపడింది. కాబట్టి గోధుమ బయటినుంచే రావాలి. ఓడమీద రావాలి, లేదంటే పైనుంచి వర్తకుల బళ్ళమీద రావాలి. ఏ దారిన వచ్చినా ఖరీదైన సరుకే.

మరి మామూలు జనానికి మైదా తెలియదా అంటే తెలుసు. కాకినాడ గొట్టం కాజా మైదాతోనే కదా. ఈ ప్రాంతపు నాలుకకి మైదా ముందు మిఠాయిగా పరిచయం, రొట్టెగా కాదు. పండక్కి, పెళ్ళికి కొనుక్కునేది. రోజూ రెండుపూటలా తినే తిండి వరే.

గోధుమ రొట్టె వారం వారం తప్పకుండా కావలసిన చోటు ఇంకొకటి ఉంది, చర్చి. యానాంలో సెయింట్ ఆన్స్ చర్చి 1846లో పూర్తయింది. కథోలిక్కు పూజలో పంచే అప్పం గోధుమదే అయ్యుండాలి, వేరే ధాన్యం కుదరదు. పాదిరీ ఎక్కడికి వెళితే అక్కడికి గోధుమపిండి వెళ్ళాల్సిందే. ఇందులో ఒక తమాషా ఉంది. లాటిన్ ఆచారంలో ఆ అప్పం పులియకూడదు. తమ దేశంలో పులిసిన రొట్టె లేనిదే ముద్ద దిగనివాళ్ళు, గుడిలో మాత్రం పులియని రొట్టె తిన్నారన్నమాట. పులిసినది రోజుకి, పులియనిది పూజకి. మన ఇళ్ళల్లో మడికి పెట్టుకునే పద్ధతులు గుర్తొస్తాయి.

పులుపు

ఇక అసలు విషయానికి వద్దాం. పిండిని పొంగించేది ఏది?

ఫ్రెంచి భాషలో పులిసిన పిండి ముద్దని 'లెవాఁ' అంటారు. లేపేది అని ఆ మాటకి అర్థం. నిన్నటి పిండిలో కొంచెం దాచి, ఇవాళ్టి పిండిలో కలిపి, అందులోంచి మళ్ళీ రేపటికి దాచుకోవడం. ఇప్పుడు అందరూ సోర్‌డో అంటున్నది ఇదే. వందల ఏళ్ళు ఫ్రాన్సులో మామూలు రొట్టె ఇలాగే అయింది. పదిహేడో శతాబ్దంలో పారిస్ రొట్టెలవాళ్ళు కొందరు సారా కాసేవాళ్ళ దగ్గర, బీరు చేసేవాళ్ళ దగ్గర దొరికే నురగ తెచ్చి మెత్తటి రొట్టె చెయ్యడం మొదలుపెట్టారు. ఆ నురగ ఒంటికి మంచిదా కాదా అని పెద్ద గొడవైంది. 1668లో పారిస్ వైద్యుల సంఘం అది చెడ్డదని తేల్చింది. 1670లో అక్కడి న్యాయస్థానం వాడుకోవచ్చని తీర్పిచ్చింది. అంటే ఫ్రెంచివాళ్ళు యానాం చేరేటప్పటికే వాళ్ళకి రెండు పద్ధతులూ తెలుసు, పుల్లటి పిండి పద్ధతి, మత్తుపానీయం నురగ పద్ధతి.

యానాంలో బీరు నురగ ఎక్కడుంది? లేదు. కానీ చెట్టెక్కితే అంతకంటే మంచిది ఉంది, కల్లు. తాటిచెట్టు, ఈతచెట్టు, కొబ్బరిచెట్టు, మూడూ గోదావరి గట్టున లెక్కలేనన్ని. తెల్లారగట్ల దించిన కల్లు ఎండెక్కేసరికి నురగ కక్కుతుంది. దాంట్లో ఈస్టు ఉంటుంది, పాలని పెరుగు చేసే జాతి సూక్ష్మజీవులూ ఉంటాయి. గోవాలో పోర్చుగీసు వాళ్ళ రొట్టె కొబ్బరికల్లుతోనే పొంగింది. కేరళ క్రైస్తవుల ఇళ్ళల్లో కల్లప్పం పేరులోనే కల్లు ఉంది. దక్షిణాదిలో దొరల ఇళ్ళకి రొట్టె వేసిన బట్టీల్లో ఈస్టు అంటే కల్లే. డబ్బాలో ఈస్టు అప్పటికి పుట్టలేదు. ముద్దగా చేసిన ఈస్టు వియన్నాలో 1840ల్లో మొదలై, ఫ్లైష్‌మన్ అన్నదమ్ముల చేతిమీదుగా 1868 నుంచి అమెరికాలో వ్యాపారమైంది. అది మన తీరానికి, మన ఎండకి తట్టుకుని రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఎండు ఈస్టు రెండో ప్రపంచ యుద్ధం నాటి సరుకు.

కల్లుతో పొంగిన రొట్టె రుచికి కాస్త పుల్లగా, కాస్త తియ్యగా ఉంటుంది. అడవి సూక్ష్మజీవులతో పులిసింది కాబట్టి అది సోర్‌డోకి దాయాది. పేరు వేరు, పని ఒకటే.

ఎందుకు దాచుకున్నారు

ఇక్కడికి వచ్చాక అత్తయ్య మాట అర్థమైంది.

రొట్టెలో కల్లుందని అందరికీ తెలుసు. కల్లు ముట్టని కులాలవాళ్ళకి ఆ రొట్టె ముట్టరానిది. దొర వంటింట్లో మాంసం, సారా ఒకటే కప్పు కింద. అక్కడ పనిచేసినవాడు ఇంటికొచ్చి బావి తాడు పట్టుకుంటే మాట వచ్చే రోజులు. దేశంలో చాలాచోట్ల రొట్టె తిన్నవాడు మతం మారినట్టే అనుకున్నారు. గోవాలో బావిలో రొట్టెముక్క పడేసి, ఆ నీళ్ళు తాగిన ఊరంతటినీ క్రైస్తవులైపోయారన్నారని చెప్పుకునే కథ ఇప్పటికీ వినిపిస్తుంది. కథ నిజమైనా కాకపోయినా, అది నమ్మేంత భయం నిజం.

ఇంకోవైపు కల్లు గీసేవాళ్ళకి ఆ రొట్టెలో దక్కిన పేరేమీ లేదు. తెల్లారగట్ల ప్రాణం అరచేతిలో పెట్టుకుని చెట్టెక్కి కుండ దించినవాడు లేకపోతే దొర బల్ల మీద రొట్టె లేదు. అయినా రొట్టె దొరది, పులుపు మాత్రం కల్లుపాకది. పిండి పిసికినవాడు మన ముత్తాత అయితే, ఆయనకి కూడా దక్కింది జీతం, దాంతోపాటు కాస్త అనుమానం.

అందుకే నాయనమ్మ దాచింది. కనకాలపేట పుట్టింటివాళ్ళకి తెలిస్తే ఆడపిల్లల సంబంధాలకి అడ్డం వస్తుందని ఆవిడ భయం. దాన్ని ఇప్పుడు మనం "ఫ్రెంచి వారసత్వం" అని బంగారు అక్షరాలతో వేస్తే, దాచుకోవాల్సి వచ్చిన బాధని, కల్లుని, చెట్టెక్కినవాణ్ణి, అన్నిటినీ ఒక్కసారే తుడిచేసినట్టు అవుతుంది.

ఆ కాలంలోనే యానాం నుంచి ఇంకో ప్రయాణం కూడా మొదలైంది. 1820ల చివర్లో రీయూనియన్ దీవి చెరుకు తోటలకి వెళ్ళిన మొదటి భారతీయ కూలీలు యానాం రేవు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళే. ఫ్రెంచివాళ్ళ ఓడ ఎక్కినంత మాత్రాన ఫ్రెంచి రొట్టె దొరకలేదు వాళ్ళకి. ఫ్రెంచి యానాం అంటే బల్ల మీది రొట్టె ఒక్కటే కాదని గుర్తుంచుకోవడానికి ఇది చాలు.

మన కుండల్లో ఉన్నది

ఇప్పుడు నాయనమ్మ వంటింటికి వద్దాం. అక్కడ గోధుమ లేదు, కల్లు లేదు. కానీ పులుపు ఉంది, అదీ మూడు రకాలుగా.

మొదటిది తోడు. పాలల్లో నిన్నటి పెరుగు చుక్క వేస్తే పెరుగవుతుంది. ఫ్రెంచివాళ్ళ లెవాఁకి తెలుగు మాట వెతకాలంటే నాకు 'తోడు' కంటే మంచిది దొరకలేదు. తోడు అయిపోతే పక్కింటికి గిన్నె పట్టుకెళ్ళి అడగడం, వాళ్ళు కాదనకుండా ఇవ్వడం మన ఊళ్ళన్నిట్లో మామూలు. కన్నడంలో దీన్నే హెప్పు అంటారు.

రెండోది తరవాణి. అన్నం వార్చిన గంజి కుండలో పోసి పులియనిస్తారు. మర్నాడు పైతేట తీసుకుని చద్దన్నంలో పోసుకుంటారు, మళ్ళీ కొత్త గంజి పోస్తారు. కుండ ఖాళీ అవ్వదు, కడిగి బోర్లించరు. ఇప్పుడు సోర్‌డో చేసేవాళ్ళు సీసాలో పిండి పెట్టుకుని రోజూ "ఫీడింగ్" అని చేస్తున్నది ఇదే పని. తరవాణి కుండ శుభ్రంగా ఉంచుకోవడం, పులుపు మించిపోకుండా చూసుకోవడం ఇంటి ఆడవాళ్ళ విద్య. ఎండాకాలం పొలానికి వెళ్ళేవాడికి అదే బలం.

మూడోది దిబ్బరొట్టె. గోదావరి జిల్లాల్లో ఊరికే "రొట్టె" అంటే ఇదే. మినప్పప్పు ఒక పాలు, బియ్యపు రవ్వ రెండు పాళ్ళు. పప్పు రోట్లో రుబ్బి, కడిగిన రవ్వ కలిపి ఉంచుతారు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె వేసి, పిండి మూడు నాలుగు వేళ్ళ మందం పోసి, కుంపటి మీద సన్నటి సెగన పెడతారు. మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోస్తారు. పైన కింద ఎర్రటి పెచ్చు, లోపల మెత్తటి గుల్ల. చెరకు పానకంతో తింటే ఇంక మాటల్లేవు. ఇదే పిండి పనసాకుల బుట్టల్లో పోసి ఆవిరికి పెడితే కోనసీమ పొట్టిక్కలు.

ఇప్పుడు విదేశాల్లో ఇంట్లో సోర్‌డో కాల్చేవాళ్ళు బరువైన ఇనప గిన్నె బాగా వేడిచేసి, అందులో పిండిముద్ద పెట్టి మూత వేస్తారు. పిండిలోంచి వచ్చే ఆవిరి మూత కింద చిక్కుకుని పై పెచ్చు వెంటనే గట్టిపడకుండా ఆపుతుంది, రొట్టె బాగా పొంగుతుంది. మూత మీద నిప్పులు పోసిన నాయనమ్మ గిన్నె ఇంచుమించు అదే. మూడో ప్రశ్న, పొయ్యి ఎక్కడిదన్నది, ఇలా ఇంట్లోనే తేలింది.

కన్నడం పనికొచ్చింది అన్నాను కదా. మా బళ్ళో హళెగన్నడ పాఠాల్లో చెప్పేవారు, పాత కన్నడంలో 'ప' ఉన్నచోట తర్వాత 'హ' వచ్చిందని. మన పాలు వాళ్ళ హాలు, మన పువ్వు వాళ్ళ హూవు, మన పది వాళ్ళ హత్తు. అలాగే మన పులుపు వాళ్ళ హుళి. సోర్‌డోని కన్నడంలో అక్షరాలా చెప్తే హుళి హిట్టు, తెలుగులో పుల్లని పిండి. తెలుగు బైబిలు తర్జుమా చేసినవాళ్ళకి ఈ మాట కోసం కష్టపడాల్సిన అవసరం రాలేదు, పులిసిన పిండి, పులియని రొట్టె అని రాశారు, చదివినవాళ్ళకి వెంటనే అర్థమైంది. వస్తువు పరాయిదే కావచ్చు, అది చేసే పని మనకి పాతదే. అందుకే మాట సిద్ధంగా ఉంది.

సైన్సు కూడా ఇదే చెప్తోంది. పాలు పులవడం జీవుల పని అని లూయీ పాస్టర్ 1857లో రాశాడు. ఇడ్లీ పిండిని పొంగించడంలో ముఖ్యపాత్ర లూకోనాస్టాక్ మీసెంటిరాయిడిస్ అనే బ్యాక్టీరియాదని 1965లో ఒక పరిశోధన తేల్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో సోర్‌డోలో పులుపు తెచ్చే బ్యాక్టీరియాని 1971లో గుర్తించి ఆ ఊరి పేరే పెట్టారు. రెండూ లాక్టిక్ ఆమ్లం తయారుచేసే ఒకే పెద్ద కుటుంబానివి. తేడా పిండిలో ఉంది. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు గాలిని పట్టుకుంటుంది. వరిలో అది లేదు. మన వంటల్లో ఆ పని మినప్పప్పు జిగురు చేస్తుంది.

1954 తర్వాత

మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం 1948కల్లా వచ్చింది. చుట్టూ కల్లు నేరం, మధ్యలో ఫ్రెంచి యానాంలో నేరం కాదు. యానాం మంగళవారం సంతకి జనం ఎందుకు ఎగబడేవాళ్ళో పాతవాళ్ళు నవ్వుతూ చెప్తారు. సీమసరుకు, సీమసారా. అంతకుముందు 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చెయ్యడానికి ఇక్కడికే వచ్చేవారు, అందుకే కల్యాణపురం అనే పేరు. గీత దాటితే చట్టం మారే ఊరు మనది.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం విమోచనమైంది. నవంబరు 1న ఫ్రెంచి స్థావరాలన్నీ భారత ప్రభుత్వం చేతికి వచ్చాయి. చట్టప్రకారం పూర్తి బదిలీ 1962 ఆగస్టు 16న. దొరలు వెళ్ళాక దొర వంటిల్లు లేదు, అక్కడి రొట్టె కూడా లేదు.

ఆ కాలంలోనే మన తాతగారు కుటుంబాన్ని తీసుకుని తుంగభద్ర ఆయకట్టుకి వచ్చేశారు. డ్యాము నీళ్ళు 1953 నుంచి రావడంతో గోదావరి, కృష్ణా, గుంటూరు వైపునుంచి ఎందరో రైతులు గంగావతి, సింధనూరు చుట్టూ క్యాంపులు వేసుకుని వరి మొదలుపెట్టారు. సామాన్లలో దిబ్బరొట్టె గిన్నె కూడా వచ్చింది. తరవాణి కుండ రాలేదు, మట్టికుండ బండి ప్రయాణానికి ఆగదు. ఇక్కడికొచ్చి కొత్త కుండ పెట్టింది నాయనమ్మ. క్యాంపులో రొట్టె అంటే జొన్నరొట్టె. చుట్టూ ఉన్న కన్నడ రైతులు చేతుల్లో తట్టి కాల్చేది. మన ఇంట్లో పిల్లలకి ఒక్క "రొట్టె" మాటకే రెండు అర్థాలు వచ్చేశాయి.

మూడో అర్థం ప్రభుత్వం తెచ్చింది. అమెరికా నుంచి పి.ఎల్. 480 పథకం కింద గోధుమ ఓడలకొద్దీ దిగిన రోజులవి. 1965లో ప్రభుత్వమే మోడరన్ బేకరీస్ పెట్టింది. ముక్కలుగా కోసి కాగితం చుట్టిన తెల్ల బ్రెడ్డు ఊరూరా చేరింది. కర్ణాటకలో హాసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్లు బేకరీలు పెట్టి, గుడ్డు లేని కేకు, ఖారా బన్ను చేసి, బేకరీ అంటే మైల అన్న భయాన్నే తీసేశారు. డబ్బా ఈస్టు రావడంతో రొట్టెలోంచి కల్లు పోయింది, కల్లుతోపాటు అంటూ పోయింది. మంచి జరిగింది. దాంతోపాటు పులుపు కూడా పోయింది. రెండు గంటల్లో పొంగే పిండికి పులవడానికి తీరిక లేదు. తెలుగిళ్ళల్లో బ్రెడ్డు జ్వరం వచ్చినప్పుడు పాలల్లో ముంచి పెట్టే పథ్యంగా మిగిలిపోయింది.

ఫ్రాన్సులో కూడా ఇంచుమించు ఇలాగే జరిగింది. ఫ్యాక్టరీ రొట్టె ఎక్కువై, చివరికి 1993 సెప్టెంబరు 13న ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చి, సంప్రదాయ రొట్టె అంటే ఏమిటో, పుల్లపిండి రొట్టె అని ఎప్పుడు అనొచ్చో చట్టంలో రాయాల్సి వచ్చింది. 2022లో యునెస్కో వాళ్ళ బగెత్ రొట్టె విద్యని వారసత్వ జాబితాలో చేర్చింది. మన తరవాణికి ఏ జాబితా లేదు. కుండ పెట్టేవాళ్ళుంటే అది ఉంటుంది, అంతే.

ఇప్పుడు ఇంట్లో

2020 లాక్‌డౌన్‌లో దుకాణాల్లో ఈస్టు దొరకనప్పుడు బెంగళూరులో చాలామంది సోర్‌డో మొదలుపెట్టారు, నేనూ మొదలుపెట్టాను. యానాంలో ఉన్న మనవాళ్ళు కూడా అడుగుతున్నారు కాబట్టి అక్కడి గాలికి సరిపడేలా చెప్తాను.

తోడు కోసం గోధుమపిండి, నీళ్ళు సమానంగా, యాభై యాభై గ్రాములు, సీసాలో కలిపి మూత వదులుగా పెట్టండి. రోజూ సగం తీసేసి అంతే కొత్త పిండి, నీళ్ళు కలపండి. చలి దేశాల్లో పది పద్నాలుగు రోజులు పట్టేది యానాం వేడికి వారంలోపే నురగ కడుతుంది. రెండోరోజు బాగా పొంగి, మూడోరోజు చచ్చిపోయినట్టు ఉంటే పారెయ్యకండి. ముందు వచ్చిన జీవులు పోయి అసలువి కుదురుకుంటున్నాయి. వాసన ముక్కిపోయినట్టు కాకుండా పుల్లమజ్జిగలా మారి, కలిపిన నాలుగైదు గంటల్లో రెట్టింపైతే తోడు సిద్ధం.

రొట్టెకి మైదా 400 గ్రాములు, గోధుమపిండి 100, నీళ్ళు 340, తోడు 50, ఉప్పు 10. పుస్తకాల్లో తోడు 100 అని రాస్తారు, ముప్ఫై రెండు డిగ్రీల ఎండలో అంత వేస్తే మీరు చూసేలోపే పులిసి జారిపోతుంది. నీళ్ళు చల్లగా పోయండి. కలిపాక అరగంటకోసారి నాలుగు వైపులా లాగి మడవండి, మూడు నాలుగుసార్లు. నాలుగైదు గంటల్లో ఒకటిన్నర రెట్లు అయ్యాక గుండ్రంగా చేసి, పిండి చల్లిన గుడ్డ వేసిన గిన్నెలో పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు ఓవెన్‌లో మూత ఉన్న బరువైన గిన్నెని 230 డిగ్రీల్లో అరగంట కాచి, ముద్ద పెట్టి, పైన కత్తితో ఒక గాటు పెట్టి, మూతతో ఇరవై నిమిషాలు, మూత తీసి ఇంకో ఇరవై నిమిషాలు. పూర్తిగా చల్లారాక కొయ్యండి. వేడిమీద కోస్తే లోపల ముద్దగా ఉంటుంది.

తీసేసిన తోడు పారబొయ్యకుండా, బియ్యప్పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి అట్టు పొయ్యండి. పెదనాన్నగారికి రొట్టె కంటే ఈ అట్టే నచ్చింది.

పుస్తకంలో ఏం రాద్దాం

నాలుగు ప్రశ్నలకీ జవాబులు వచ్చాయి. గోధుమ బయటినుంచి వచ్చింది. పులుపు చెట్టుమీదనుంచి దిగింది. పొయ్యి విద్య ఇంట్లో ఉంది. తిన్నవాళ్ళు దొరలు. ముత్తాతగారు ఆ రొట్టె చేశారన్నది నోటిమాటగా వచ్చింది, కాబట్టి నోటిమాటగానే రాద్దాం, "చెప్పుకునేవారు" అని. దానికి ఇబ్బందేమీ లేదు.

కానీ మొదటి పేజీలో "ఫ్రెంచి రొట్టెల వంశం" అనొద్దని నా మనవి. ఆయన పనికి కల్లు దించినవాళ్ళు ఆధారమని, ఆ పనిని మనవాళ్ళు సిగ్గుపడి దాచారని, ఆ సిగ్గు వెనక కులం ఉందని కూడా అదే పేజీలో రాయాలి. దాని పక్క పేజీ నాయనమ్మది కావాలి. ముత్తాతగారి రొట్టె ఆయనతోనే ఆగిపోయింది. నాయనమ్మ పులుపు మాత్రం యానాం నుంచి క్యాంపుకి, క్యాంపు నుంచి బెంగళూరుకి వచ్చింది. అత్తయ్య ఇప్పటికీ సింధనూరు ఇంట్లో ఎండాకాలం తరవాణి కుండ పెడుతుంది. ఆవిడ దగ్గర ఎవరూ కొలతలు రాసుకోలేదు. ఈ సంక్రాంతికి వెళ్ళేవాళ్ళు ఒక పుస్తకం, పెన్ను పట్టుకెళ్ళండి. గంజి ఎంత, ఎన్నాళ్ళు, ఏ వాసన వస్తే ఆపాలి, అన్నీ ఆవిడనే అడగండి. కుండ ఫొటో కూడా తియ్యండి, పుస్తకం అట్టమీదకి అదే బాగుంటుంది.